తొలిచినవాళ్ళు, తొక్కినవాళ్ళు

మా ఇంటి అటకమీద నేను మానేసిన వస్తువులన్నీ వరసగా ఉంటాయి. సగంలో ఆగిపోయిన క్రోషియా టేబుల్‌క్లాతు, రెండు తీగలు తెగిన వీణ, ఒక్కొక్కటీ సరిగ్గా పదకొండు రోజులు రాసిన డైరీలు. ఎప్పుడైనా ఊరగాయ జాడీ కోసం అటకెక్కితే అవన్నీ నావైపు నిష్ఠూరంగా చూస్తాయి. సైకిలు మాత్రం అక్కడ లేదు. ఎందుకంటే అది నేను మానేసింది కాదు, నాచేత మానిపించింది.

చిన్నప్పుడు మా ఊళ్ళో అద్దె సైకిలు గంటకి రూపాయి. సీటు అందక, కడ్డీ సందులోంచి కాలు దూర్చి, ఒళ్ళంతా వంకర పెట్టి తొక్కేదాన్ని. మోకాళ్ళు ఎన్నిసార్లు చెక్కుకుపోయాయో లెక్కలేదు. తీరా సీటెక్కి కూర్చునే ఎత్తు వచ్చేసరికి, మా బామ్మ లెక్క ప్రకారం సైకిలు ఎక్కకూడని వయసు కూడా వచ్చేసింది! "ఎదిగిన పిల్లవి, వీధుల్లో సైకిలేమిటే? కాలో చెయ్యో విరిగితే రేపు నిన్నెవడు చేసుకుంటాడు?" అంది. వంటింట్లోంచి అమ్మ పెదవి విప్పలేదు. ఆ 'ఎవడో' తర్వాత రానే వచ్చారు. కాలూ చెయ్యీ భేషుగ్గా ఉన్నాయని చేసుకున్నారు కూడా. సైకిలే పోయింది.

అది 1991. సరిగ్గా ఆ రోజుల్లోనే తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో, అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా, లక్షమందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారని ఎన్నో ఏళ్ళకి చదివాను. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారట. ముందు కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చు, అవే నయం అన్నారట! అది చదివిన రోజున అన్నం సహించలేదంటే నమ్మండి.

పోయిన సైకిలు ముప్ఫై ఏళ్ళు దాటాక మా గుమ్మంలోకి మళ్ళీ వచ్చింది. మా అమ్మాయి ఉద్యోగంలో చేరిన మూడో నెల జీతంతో కొండదారుల్లో తొక్కే సైకిలు కొనుక్కొచ్చింది. మావారు దాని ఖరీదు విని, "ఇంజను విడిగా కొనాలా?" అని అడిగారు. క్యారియరు లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, ఆఖరికి గంట కూడా లేదు. ఇన్ని లేనిదానికి అంత డబ్బా అని నేనూ ముక్కున వేలేసుకున్నాను.

"లేనివి కాదమ్మా, ఉన్నవి చూడు" అని చూపించింది. ముందు ఫోర్కులో కుదుపు మింగే స్ప్రింగు, మట్టిని కరిచి పట్టుకునే లావు టైర్లు, డిస్కు బ్రేకులు, గేర్లు. గేర్ల సంగతి నాకు వంటింటి భాషలోనే అర్థమైంది. వెనక ఉన్న పెద్ద పళ్ళచక్రం మీదికి చైను వేస్తే ఎక్కువసార్లు తొక్కాలి గానీ, ఒక్కో తొక్కుడికి బలం తక్కువ చాలు. బస్తా బియ్యం ఒక్కసారే ఎత్తి డబ్బాలో పొయ్యలేం. చేటతో, చేటతో పోసుకుంటాం. కొండెక్కడమూ అంతే!

ఈ తరహా సైకిళ్ళు పుట్టింది ఏ పెద్ద కంపెనీలోనూ కాదట. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు 1930, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్ళు బాగుచేసుకుని టామల్‌పాయిస్ కొండ చుట్టుపక్కల మట్టిదారుల్లో దౌడు తీసేవారు. 1976లో పందెమే పెట్టుకున్నారు. ఒక్కసారి కొండ దిగేసరికి వెనక చక్రంలోని బ్రేకు కాగి, గ్రీజంతా పొగై పోయేది. మళ్ళీ గ్రీజు కూరుకుంటే తప్ప రెండోసారి దిగడానికి లేదు. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు. ఆ కుర్రాళ్ళ చిలిపిపని ఇరవై ఏళ్ళకల్లా, 1996లో, అట్లాంటా ఒలింపిక్స్‌కి ఎక్కింది. ఆడవాళ్ళ పోటీలో ఇటలీ అమ్మాయి పావోలా పెజ్జో బంగారు పతకం గెలిచింది. ఆవిడకి మా బామ్మలాంటి బామ్మ లేదు కాబోలు!

తెల్లవారుజామున, వీధిలో పాలవాడు తప్ప ఎవరూ లేని వేళ, మా అమ్మాయి వెనక సీటు పట్టుకుని పరిగెడుతుంటే మళ్ళీ నేర్చుకున్నాను. మూడో రోజుకే ఎదురింటావిడ చూసేశారు. "మోకాళ్ళ నెప్పులకా అండీ?" అన్నారు జాలిగా. అవునన్నాను. నలభై దాటిన ఆడది సంతోషం కోసం సైకిలు తొక్కుతుందంటే ఎవరు నమ్ముతారు?

కిందటేడు చలికాలం ఒక ఆదివారం, స్నేహితురాలి సైకిలు నాకోసం అడిగి తెచ్చి, "కీసరగుట్టకి పోదాం పద" అంది. మేముండే జవహర్‌నగర్ నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే. మావారు మంచినీళ్ళ సీసాలూ, ఇన్సూరెన్సు కార్డూ సంచిలో పెట్టి సాగనంపారు.

మా జవహర్‌నగర్ గురించి వినే ఉంటారు. మాజీ సైనికుల కోసమని కేటాయించిన నేలలు. ఇప్పుడు ఎవరితో చెప్పినా ముందు ముక్కు మూసుకుంటారు. హైదరాబాదు చెత్తంతా వచ్చి చేరి చేరి, ఇక్కడొక గుట్టే లేచింది. తర్వాత పైన మట్టి కప్పారు, చెత్తనుంచి కరెంటు తీసే ప్లాంటు కూడా 2020లో మొదలైంది. అయినా గాలి ఇటు మళ్ళిన రోజున కిటికీలు మూసుకోవాల్సిందే. ఈ చుట్టుపక్కల కొండలన్నిట్లోకీ చిన్నది వయసులో అదే. మనమందరం చెయ్యీ చెయ్యీ కలిపి కట్టుకున్నది!

దమ్మాయిగూడ దాటి, చీర్యాల మీదుగా, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు కిందనుంచి అవతలికి దూరేసరికి గాలి మారిపోయింది. కొంత దూరం పోయాక మా అమ్మాయి తారు రోడ్డు వదిలి, తాటిచెట్ల మధ్య సన్నటి దారిలోకి తిప్పింది. సీతాఫలం పొదలు, తంగేడు, ఎటు చూసినా ఏనుగులు పడుకున్నట్టు బండలు. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టుంటాయి గానీ ఎవరూ పేర్చలేదు. ఎప్పుడో భూమిలోపలే పగుళ్ళలోకి నీళ్ళు దిగి, అంచులు పుచ్చి మొరమైపోతే, ఆ మొరం కొట్టుకుపోగా మిగిలిన గుండ్రటి కడుపులు ఇవి. మన రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. వీటిని కాపాడుకోవాలని 1996లో హైదరాబాదులో ఒక సంఘమే పెట్టుకున్నారు.

ఆ మొరమే నన్ను పడగొట్టింది. దిగుడులో గుప్పెడు ఆవాల మీద కాలేసినట్టు చక్రం జారింది. "సీటు మీంచి లే! ఒళ్ళు వెనక్కి పెట్టు! ముందు బ్రేకు ఒక్కటే పట్టకు!" అని మా అమ్మాయి అరిచేలోపే తంగేడు పొదలో ఉన్నాను. మోచెయ్యి చెక్కుకుపోయింది. మంట. కానీ, చెప్పొద్దూ, నవ్వొచ్చింది. పన్నెండో ఏట ఆగిపోయిన లెక్క అక్కణ్ణుంచే మళ్ళీ మొదలైంది కదా!

"రాయిని చూడకమ్మా. రాయిని చూస్తే రాయి మీదికే పోతావు. దారిని చూడు" అంది, నన్ను లేవదీస్తూ.

అప్పుడే ఎదురుగా ఓ పెద్దాయన వచ్చాడు. పాతకాలపు బరువు సైకిలు, అటూ ఇటూ కల్లు డబ్బాలు. గేర్లు లేవు, స్ప్రింగు లేదు, కాళ్ళకి చెప్పులు కూడా అంతంతమాత్రం. నేను పడ్డ ఆ దిగుడే ఆయన ఎగుడు. కొంత తొక్కి, కొంత తోసి, మా దగ్గరికొచ్చి ఆగాడు.

"ఏడికి పోతున్నరమ్మా? కీసరకా? గీ తొవ్వనే పోండ్రి. ఆ బండ కాడ ఎడమకు మళ్ళాలె."

"ఈ దారి ఎవరు వేశారు, పెద్దయ్యా?"

ఆయన నావైపు వింతగా చూశాడు. "ఎవరేస్తరమ్మా? తొక్కంగ తొక్కంగ పడ్డది. మా నాయిన తొక్కిండు, నేను తొక్కుతున్న."

కీసరగుట్ట మెట్ల దగ్గర కూర్చుని పులిహోర తింటున్నప్పుడు కూడా ఆ మాట వదల్లేదు నన్ను. ఇక్కడి కథ మీకు తెలిసిందే. శ్రీరాముడు లింగం తెమ్మని హనుమంతుణ్ణి కాశీకి పంపాడు. ముహూర్తం వేళకి ఆయన రాలేదు. శివుడే ప్రత్యక్షమై ఇచ్చిన లింగాన్ని రాముడు ప్రతిష్ఠించేశాడు. మోసుకొచ్చిన లింగాలన్నీ వృథా అయ్యాయని హనుమంతుడు అలిగి గుట్టంతా విసిరేశాడు. ఇప్పటికీ గుట్టమీద ఎక్కడపడితే అక్కడ లింగాలే. కేసరి కొడుకు పేరున కేసరిగిరి, వాడుకలో కీసర. పాపం, చెప్పిన పని చేసుకొచ్చేసరికి అవసరం తీరిపోతే ఎవరికి మాత్రం అలక రాదు!

"పురాణం సరే, ఇది విను" అంది మా అమ్మాయి. సుమారు 1500 ఏళ్ళ కిందట విష్ణుకుండిన రాజులు ఏలిన చోటు ఇది. తవ్వకాల్లో పెద్ద పెద్ద ఇటుకల గోడలు, గుడుల పునాదులు బయటపడ్డాయి. ఆ కాలం నాటిదే ఒక మాట ఇక్కడొక బండమీద చెక్కి ఉంది: 'తొలుచువాండ్రు'. తెలంగాణలో దొరికిన అతి పాత తెలుగు మాటల్లో అదొకటి.

తొలుచువాండ్రు! అంటే రాయి తొలిచేవాళ్ళు. రాజు పేరు కాదు, బిరుదు కాదు, దానం చేసిన ఎకరాలు కాదు. పగలంతా ఉలి పట్టుకున్న మనుషులు తమ గురించి చెప్పుకున్న ఒక్క మాట. పేర్లు కూడా రాసుకోలేదు చూశారా? మేం ఇది చేసేవాళ్ళం, అంతే!

నాకు కల్లు డబ్బాల పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయన తండ్రి గుర్తొచ్చాడు. ఆ దారిలోనే కట్టెలమోపు నెత్తినెత్తుకుని నడిచి ఉండే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళ మాట ఏ బండమీదా లేదు. వాళ్ళ దారే వాళ్ళ చెక్కడం. వంటింటికీ నూతికీ మధ్య మా బామ్మ నడిచి నడిచి అరగదీసిన నాపరాళ్ళు కూడా గుర్తొచ్చాయి. ఆవిడ దారి అంతవరకే పోనిచ్చారు మరి. ముప్ఫై ఏళ్ళ కోపం ఆ మెట్లమీద కాస్త చల్లారింది.

ఆ రోజు ఎంత వెతికినా మాకు ఆ బండ దొరకలేదు. మళ్ళీ వద్దామనుకున్నాం.

మళ్ళీ వెళ్ళడం ఈ ఏడు సంక్రాంతి వెళ్ళాకే కుదిరింది. తాటిచెట్ల దగ్గర తిప్పితే దారి లేదు. రేకుల కంచె. లోపల చదునుచేసిన ఎర్రమట్టి, ప్లాట్ల నంబర్ల రాళ్ళు, రంగు జెండాలు. గేటుమీద బంగారు రంగులో బారెడు పేరు. ఎడమకి మళ్ళమన్న ఆ బండ కంకరై, ఒక మూల కుప్పగా ఉంది. 250 కోట్ల ఏళ్ళు నిలిచింది, ఒక్క ఏడాది నిలవలేకపోయింది.

తారు రోడ్డు అంచున, లారీల పక్కనుంచి బిక్కుబిక్కుమంటూ వస్తున్న పాత సైకిలు చూసి గుర్తుపట్టాను. "తొవ్వ పోయింది గద అమ్మా" అన్నాడు పెద్దాయన. అని ఒక్క క్షణం ఆగి, "గా కంచె ఎనక నుంచి కొంచెం సందున్నది. నడిస్తె పోవచ్చు" అన్నాడు.

సైకిళ్ళు తోసుకుంటూ వెళ్ళాం. ముళ్ళు, రాళ్ళు, మోకాలెత్తు గడ్డి. కాసేపటికి నేల కాస్త చదునైతే ఎక్కి తొక్కాం. వెనక్కి తిరిగి చూస్తే గడ్డిలో మా టైర్ల గీతలు రెండు, ఆయన చక్రం గీత ఒకటి, సన్నగా కనిపించాయి. ఒక్క వాన పడితే చెరిగిపోతాయి.

ఇంటికొచ్చి మావారితో, "నాకూ ఒక సైకిలు కొనాలండీ, ప్రతి ఆదివారం వెళ్ళాలి" అన్నాను. ఈసారి ఆయన ఇంజను గురించి అడగలేదు.