క్లచ్ ప్లేటు కొఱకు రెండు ప్రయాణములు

1991వ సంవత్సరమున నేను తొమ్మిదవ తరగతి చదువుచుంటిని. బళ్ళారిలో మా యింటిప్రక్కనే మా మేనమామగారి కాపురము. ఆయనకు జీవనాధారము ఒక పాత పెట్రోలు జీపు. విడపనకల్లు, ఉరవకొండ వైపు గ్రామములనుండి మిరపకాయల మూటలను, సంతకు వచ్చు జనులను ఎక్కించుకొని ఎల్ల దాటించి బళ్ళారికి చేర్చుట ఆయన పని. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆవలికి పోయినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. కాని మిరపకాయలకును, చుట్టములకును ఆ సంగతి నేటికిని తెలియదు.

పెట్రోలు ఖర్చు పోగా మిగులునది నానాటికి తగ్గిపోవుచుండుటచే, బండికి డీజెల్ ఇంజను పెట్టింపవలెనని మామ నిశ్చయించెను. అవ్వ తన మెడలోని రెండు పేటల గొలుసును తీసి యిచ్చెను. అది కుదువకు పోయెను. ఆ పైకముతో, పాడైన వేరొక జీపునుండి విప్పిన ఇంజను వచ్చెను. ఫ్రాన్సు దేశపు ప్యుజో సంస్థవారి రూపకల్పన ననుసరించి మహీంద్రావారు తయారుచేసిన ఇంజను అది. సిలిండరు వ్యాసము 90 మిల్లీమీటర్లు, పిస్టను నడక 83 మిల్లీమీటర్లు, సిలిండర్లు నాలుగు. లెక్క కట్టినచో 2,112 ఘన సెంటీమీటర్లు వచ్చును. విద్యార్థులు కట్టి చూడవచ్చును. పాత గేర్‌బాక్సు అరిగిపోయియుండుటచే మూడవ బండినుండి గేర్‌బాక్సు కూడ కొనవలసివచ్చెను. ఇంజను ఒక యింటిది, గేర్‌బాక్సు వేరొక యింటిది. ఈ రెంటిని కలుపవలసినది క్లచ్.

క్లచ్ ప్లేటనగా పళ్ళెమువంటి గుండ్రని రేకు. దాని రెండు ముఖములకును గరుకైన లైనింగు ఉండును. ఇంజనుతో తిరుగు ఫ్లైవీలునకును, స్ప్రింగుల బలముతో నొక్కు ప్రెషర్ ప్లేటునకును నడుమ అది బిగిసియుండును. పెడలు త్రొక్కినచో నొక్కుడు సడలి, ఇంజను తిరుగుచున్నను గేర్‌బాక్సునకు శక్తి అందదు. స్ప్రింగులు 400 కిలోల బరువుతో నొక్కుచున్నవనుకొనుడు. ఘర్షణ గుణకము 0.3; ముఖములు రెండు; కావున అంచున పట్టు 240 కిలోలు. సగటు వ్యాసార్థము తొమ్మిదిన్నర సెంటీమీటర్లైనచో అది సుమారు 23 కిలోగ్రాము-మీటర్ల మెలికను మోయగలదు. ఇంజను ఇచ్చు మెలికకంటె ఇది బాగుగ ఎక్కువగా ఉండవలెను. లేనిచో బరువెక్కినప్పుడు ప్లేటు జారి కాలిపోవును.

చిక్కంతయు ఎక్కడనగా, ప్లేటు అంచు ఫ్లైవీలునకు సరిపోవలెను. అది ఇంజను పక్షము. నడుమనున్న పళ్ళ రంధ్రము గేర్‌బాక్సు ఇరుసునకు సరిపోవలెను. అది ఆవలి పక్షము. వధూవరుల జాతకములు కలిసినంతనే చాలదు, వియ్యపురాండ్రును కలియవలెను కదా!

బండి విప్పినది ఒక సాహెబు మేస్త్రి. ఆయన కన్నడము, ఉర్దూ, తెలుగు కలిపి మాటలాడెడివాడు. నన్ను పిలిచి, “హల్లు ఎష్టు, ఎణిసి చెప్పు” అనెను. నేను వెఱ్ఱిమొగము వేసితిని. మాకు బడిలో హల్లులనగా క, ఖ, గ, ఘ. కన్నడమున హల్లు అనగా పన్ను. మన పాలు వారికి హాలైనట్లు, మన పులి హులియైనట్లు, పల్లు హల్లైనది. సంగతి తెలిసి నవ్వుకొని లెక్కించితిని. ఇరుసునకు పది పళ్ళు.

ఇక వ్యాసము కొలువవలెను. మా సైన్సు ఉపాధ్యాయులను అడిగి ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్సు తెచ్చితిని. ఆ షెడ్డులో దానిని చదువ నేర్చినవాడను నేనొక్కడనే యని గర్వముతో కొలిచి, సిగరెట్టు పెట్టె అట్టపై 25.4 అని వ్రాసి మామ చేతికిచ్చితిని. ఆయన ఆ రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి బెంగళూరు పోయి, జె.సి. రోడ్డులో విడిభాగముల దుకాణమున ప్లేటు కొనితెచ్చెను.

అంచు ఫ్లైవీలునకు చక్కగా సరిపోయెను. పళ్ళును పదే. కాని ఇరుసుపైకి ఎక్కలేదు. మామ మండిపడి, “బెంగుళూరోడు మోసం చేసినాడు రా!” అనెను. సాహెబు ఏమియు అనలేదు. ప్లేటును, ఇరుసును మార్చి మార్చి చూచి బీడీ ముట్టించుకొనెను.

ఆ సాయంకాలము ఎవరును లేనప్పుడు మరల కొలిచితిని. కాలిపర్సు అంచులు పళ్ళ కొనలపై ఆనుటకు బదులు, వాని నడుమ లోయలలోనికి దిగియుండెను. కొననుండి కొనకు 28.6, నేను వ్రాసినది అడుగు కొలత. తప్పు నాది. చెప్పుటకు నోరు రాలేదు. మూడు దినములు బండి నిలిచేయుండెను. అవ్వ బోసి మెడతో నాకు అన్నము వడ్డించుచుండగా తల ఎత్తలేకపోతిని.

నాల్గవనాటి రాత్రి మామ దుకాణదారుతో తగవాడుటకు బయలుదేరెను. సంచి మోసుకొని స్టేషనుదాక వెంట పోయితిని. బండి వచ్చు గంట కొట్టినప్పుడు, “మామా, కొలత నేనే తప్పు రాసినా” అంటిని. ఆయన కొంతసేపు పట్టాలవైపు చూచెను. పిదప, “బండి రానీలే, పోనీ. రేపు పోదాం. నువ్వూ రా” అని వెనుకకు మరలెను.

మఱునాడు సాహెబు గేర్‌బాక్సునుండి ఇరుసునే విప్పి యిచ్చెను. కాగితపు కొలత యేల, వస్తువునే చూపుడనెను. తువాలులో చుట్టిన ఆ ఇనుమును రాత్రియంతయు ఒడిలో పెట్టుకొని కూర్చుంటిని. దుకాణదారు ప్లేటు చూచి, “నేను తప్పిచ్చితినా?” అని కన్నడమున అడిగెను. మామ, “లేదు స్వామీ, మా లెక్కే తప్పు” అనెను. ‘వీని లెక్క’ అనలేదు. ఆ దుకాణదారు ఏడెనిమిది ప్లేట్లు దింపి ఒక్కొక్కటే ఇరుసునకు తొడిగి చూచెను. అంచు సరిపోయి, పళ్ళును జారుడుగా ఎక్కినది ఒక్కటే. కొంత సొమ్ము పట్టుకొని మార్చి యిచ్చెను.

పని అంతటితో ముగియలేదు. ఇరుసు కొన ఇంజను క్రాంకు చివరనున్న బుష్‌లో కూర్చుండవలెను. అది వదులుగా ఉండుటచే కంచుతో క్రొత్తది లేతుపై తీయించిరి. పాత ప్లేటు పొడిని నోటితో ఊదివేసితిమి. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండెడిది; ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని నేడు ఎరుగుదుము. మీ పిల్లలను అట్టి చోట నిలువనీయకుడు. ఇంజను మార్పును రిజిస్ట్రేషను పత్రమున వ్రాయించుటకు వేరొక వారము పట్టెను; 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము అట్లు కోరుచున్నది.

పరీక్షకు మామ బండిని హగరి నదీగర్భమునకు తీసికొనిపోయెను. వేదవతిని మా వైపు హగరి అందురు. వేసవిలో అంతయు ఇసుకయే. పది మూటలెత్తి, మెత్తని ఇసుకలో నిలిపి, మెల్లగా పెడలు వదలెను. నేను ముక్కు పెద్దది చేసి వాసన చూచుచుంటిని. కాలిన లైనింగు వాసన ఒకసారి తెలిసినవారు మరువరు. చక్రములు దిగబడి, తడబడి, పైకి వచ్చినవి. వాసన రాలేదు. ఆవలి గట్టున మామ బండి ఆపి, “హల్లు ఎన్నిరా?” అని అడిగెను. “పది” అంటిని.

అవ్వ గొలుసు విడిపించుటకు మరి రెండు మిరప పంటలు పట్టెను.