ఇద్దరి పడవ

ఆషాఢమాసమున జమ్మలమడుగు మెట్టభూములపై వీచు పడమటిగాలిని ఎరిగినవారికి, జులై నెలలో హుస్సేన్ సాగరుపై లేచు గాలి క్రొత్తది కాదు. ఆ గాలిని పట్టి పని చేయించుకొను విద్యయే మాకు క్రొత్తది. ఆ విద్యను కన్నులార చూడవలెనను కోరికతో నేనును, పులివెందులలో వ్యాయామోపాధ్యాయుడుగా నున్న నా మిత్రుడును ప్రొద్దుటూరున రాత్రి బస్సెక్కి, తెల్లవారిన పిమ్మట భాగ్యనగరము చేరి, హైదరాబాదు యాట్ క్లబ్బునకు పోయితిమి.

పదునారవ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో కట్టిన ఈ చెరువుపై తెరచాప పడవలు నడుపుట చిరకాలము సైనికాధికారులకును, కలిగినవారికిని చెల్లిన వినోదము. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన ఈ క్లబ్బు ఆ గిరిని చెరిపివేసినది. కూలినాలి చేసికొను కుటుంబములలో, నగరపు ఇరుకువాడలలో పుట్టిన బాలబాలికలు ఇచ్చట తెరచాపలెత్తుచున్నారు. సముద్రపుటలను ఎరుగని పిల్లలు జాతీయ పోటీలలో నిలిచి గెలుచుచున్నారు. సీమవాడు ఇంత దూరము వచ్చి చూచుటకు ఈ ఒక్క సంగతియే చాలును.

చిన్నవారికి మొదట ఆప్టిమిస్ట్ అను 2.3 మీటర్ల ఒంటరి పడవ నిత్తురు. ఈడు మీరిన పిమ్మట కొందరికి జోడు పడవ వచ్చును: 4.2 మీటర్ల 420, దాని పెద్దక్క వంటి 4.7 మీటర్ల 470. రెండును ఫ్రాన్సు దేశమున పుట్టినవే. ఆంద్రే కోర్ను 1963లో రూపొందించిన 470, 1976 నుండి ఒలింపిక్ క్రీడలలో నిలిచి, 2024 నాటి క్రీడలకు స్త్రీపురుషులు జతగా నడుపు పడవగా మారినది.

ఒడ్డున నిలిచి చూచువారికి చుక్కాని పట్టినవారే యజమానులనియు, రెండవవారు సేవకులనియు తోచును. గంటసేపు శిక్షణ చూచినచో ఆ తలంపు నిలువదు. చుక్కాని పట్టినవారు పెద్ద తెరచాప త్రాడును చేత బిగించి, ముందు తెరచాపకు అతికించిన సన్నని ఊలుపోగులు ఇరువైపుల సమముగా ఎగురుచున్నవా లేవా యని రెప్పవేయక చూచుచుందురు; ఆ చూపు మరలినంతనే వేగము తరిగిపోవును. కావున పడవ వెలుపలి లోకమంతయు రెండవవారి కన్నులలో నుండవలెను. నడుమున కట్టుకొన్న పట్టీ కొక్కెమును తెరచాపకొయ్యనుండి దిగిన తీగకు తగిలించి, పడవ అంచున పాదములు మోపి, దేహమంతటిని నీటిమీదుగా బారచాచి, గాలి ఒరగద్రోయు పడవను తన బరువుచే నిలబెట్టుచునే, నీటిని నల్లబరచుచు వచ్చు గాలితెర ఎన్ని క్షణములలో తాకునో, ప్రత్యర్థులు ఎటు మరలుచున్నారో, చుట్టి రావలసిన బుడగ ఇంకెంత దూరమున్నదో వారు చెప్పుచుండవలెను. చెప్పుమాట పొట్టిగా నుండవలెను. విన్నవారు ఆ క్షణమున వాదింపరాదు. వాదనలకు ఒడ్డున, పడవ కడుగునప్పుడు, కావలసినంత తీరిక యున్నది.

నేలపై బండిమీద నిలిపిన పడవలో ఒక జత పడవ దిక్కు మార్చు మలుపును పదేపదే అభ్యసించుచుండెను: తీగ వదలుట, వంగి ఆవలికి దాటుట, త్రాడు మార్చుట, మరల వ్రేలాడుట. ఇద్దరి బరువు కలిపి సుమారు 130 కిలోలున్నచో 470కు బాగుగా పొసగుననియు, తీగపై వ్రేలాడువారు పొడగరులైన మేలనియు క్లబ్బు శిక్షకుడు వివరించెను. “మన బండలాగుడు ఎద్దుల మాదిరేనన్నా. రెండూ బలంగా ఉంటే చాల్దు, జోడు కుదరాల,” అని నా మిత్రుడనెను. అంతకన్న చక్కగా నేను చెప్పజాలను.

“మా దగ్గర ముందు పడవ నడపడం నేర్పం సార్, పడవ బోల్తా కొడితే లేపడం నేర్పుతాం,” అని శిక్షకుడు మమ్ము రక్షకనౌకలో ఎక్కించుకొని పోయెను. మా ముందే ఒక 420ని పిల్లలు కావలెనని తలక్రిందులు చేసిరి. ఒక బాలిక చుట్టి యీది, అడుగున పొడుచుకొని వచ్చిన పలకపైకెక్కి వెనుకకు వాలెను. ఆమె తోడి బాలుడు పడవ లోపలివైపున నీటిలో తేలియుండెను. తెరచాప నీరు కార్చుకొనుచు లేచినప్పుడు వాడు పడవతోపాటే పైకి వచ్చి ఆమెకు చేయి అందించెను. “మన పిల్లోళ్లు బెండ్లు కట్టుకోని బావిలో దూకతాండ్రి కదన్నా, ఇంతకంటే ఎక్కువ ధైర్యమే అది,” అని మిత్రుడు మెల్లగా పలికెను.

సాయంకాలపు పందెము అయిదు నిమిషముల ముందు ఎత్తిన జెండాతో మొదలయ్యెను. పందెము మొదలగు గీత యనునది నీటిపై కనబడదు. నిర్ణేతల నౌకకును బుడగకును నడుమ ఊహించుకొనవలసినదే. క్షణము ముందు దాటినవారు వెనుకకు మరలి రావలెను. కుడిప్రక్క గాలి తగులు పడవకు ఎడమప్రక్క తగులునది దారి విడువవలెను. మొదటివారికి ఒక పాయింటు, రెండవవారికి రెండు. అన్ని పందెములు ముగిసి, మిక్కిలి చెడ్డదానిని తీసివేసిన పిమ్మట, తక్కువ పాయింట్లవారే విజేతలు. నన్ను కదిలించినది వేరు. వేరొక పడవకు దారి విడువని జత, ఎవరును అడుగకమునుపే, ప్రక్కకు తొలగి రెండు చుట్లు తిరిగి తమ దండనను తామే తీర్చుకొని పందెములో కలిసెను. ఏ బడిలోనైనను ఇంతకన్న గొప్ప పాఠమును నేను చూడలేదు.

ఈ క్రీడలో మనదేశము బొత్తిగా వెనుకబడినది కాదు. 1982 ఆసియా క్రీడలలో ఫారోఖ్ తారాపోర్, జరీర్ కరంజియా జత ఫైర్‌బాల్ పడవపై స్వర్ణమును, 2018లో వర్షా గౌతమ్, శ్వేతా శేర్వేగార్ జత 49er ఎఫ్‌ఎక్స్ పడవపై రజతమును గెలిచిరి. హైదరాబాదు పడుచు కొంగర ప్రీతి, సుధాంశు శేఖర్‌తో జతగా, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల మిశ్రమ 470 పందెములలో పాల్గొన్నది.

ఒడ్డునకు వచ్చిన పిమ్మట మాటలు మా సీమ నీళ్లపైకి మరలెను. గండికోట జలాశయము 26.85 టీఎంసీలది, శ్రీశైలమునుండి గాలేరు–నగరి కాలువ తెచ్చు కృష్ణాజలము అచ్చట పెన్నాలోయలో నిలుచును, తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లవారు ఇండ్లువాకిళ్లు విడిచిపోయిన పిమ్మటనే అది నిండినది. పులివెందుల దిక్కున చిత్రావతి జలాశయము మరి 10 టీఎంసీలది. ఈ నీటిపై పడవ నేర్పదలచినచో, ఊరు పోగొట్టుకొన్నవారి పిల్లలకే మొదటి పడవ దక్కవలెనని నా దృఢమైన అభిప్రాయము.

శిక్షకుడు తొందరపడలేదు. కొండలనడుమ గాలి విరిగి వచ్చుననియు, నీరు దిగినకొద్దీ మునిగిన గోడలును చెట్లును పైకి తేలుననియు, కావున గండికోటకంటె దిగువన బయలుగా నున్న మైలవరము జలాశయమును ముందు పరీక్షించుట మేలనియు చెప్పెను. మొదట ఈత, తరువాత రక్షకనౌక, ఆపైననే తెరచాప. మిత్రుడు ఆ వరుసను చేతిపుస్తకమున వ్రాసికొని, తన బడిలో ఈత వచ్చిన పిల్లల ఎత్తులును బరువులును ఈ వారమే కొలిచి పంపెదనని మాట యిచ్చెను.