ఫైలెందుకు, జవాబు చాలదా?

సాఫ్ట్‌వేర్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాడికి కూడా మొదటి నెలలోనే చెప్పే మాట ఒకటుంది. అవతలి సిస్టమ్‌కి ఎంత కావాలో అంతే ఇవ్వు, టేబులంతా ఇవ్వకు అని. ఆస్పత్రి కాయితాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకి ఇది గుర్తుండదు. ఎవరు అడిగినా ఫైలు మొత్తం చేతిలో పెట్టేస్తాం. ఆ ఫైళ్ళన్నీ ఇప్పుడు కంప్యూటర్లలోకి ఎక్కుతున్నాయి కాబట్టి, ఈ అలవాటు గురించి ఓసారి మాట్లాడుకోవాలి.

తార్నాకలోని ఆర్టీసీ ఆస్పత్రినే తీసుకోండి. ఆర్టీసీ ఉద్యోగులకీ వాళ్ళ కుటుంబాలకీ అక్కడ వైద్యం చేస్తారు. మంచిదే. కాకపోతే చిక్కెక్కడంటే, వైద్యం చేసేదీ జీతం ఇచ్చేదీ ఒకే సంస్థ. షుగరుందా, గుండె ఎలా ఉంది, చూపెలా ఉంది అనేవి డ్రైవరు డాక్టరుకి చెప్పుకునే సంగతులు. అతని ఉద్యోగం నిలుస్తుందో లేదో తేల్చేవీ అవే.

ఇదేదో ఊహించి చెప్తున్నది కాదు. 2014లో డ్రైవరుగా చేరిన ఒకాయనకి, వైద్య పరీక్షల్లో రంగులు సరిగ్గా గుర్తుపట్టలేరని తేలింది. వేరే పనేదైనా ఇవ్వండి అని అడిగినా ఇవ్వకుండా 2016లో రిటైర్ చేసేశారు. రంగులు పోల్చుకోలేని డ్రైవర్లకి వేరే ఉద్యోగం ఇవ్వాలని 1979లోనే కార్మికులతో ఒప్పందం ఉంది. అయినా ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. తగిన ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టు 1న కోర్టు చెప్పింది. అంటే మధ్యలో తొమ్మిదేళ్ళు పోయాయి!

అలాగని పరీక్షలే వద్దంటామా? బస్సులో యాభైమంది ఉంటారు. డ్రైవరుకి సిగ్నల్ కనపడుతుందో లేదో తెలుసుకోవడం వాళ్ళ హక్కు. 2022లో గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్ అని ఆర్టీసీ తన ఉద్యోగులందరికీ పరీక్షలు చేయించడం మొదలుపెట్టింది. గుండెజబ్బు ఉన్నట్టు తమకే తెలియనివాళ్ళు అందులో బయటపడ్డారు, వైద్యం అందింది. కాబట్టి రికార్డులుండటం తప్పు కాదు. ఏ ప్రశ్నకి ఎంత జవాబు ఇస్తున్నామన్నదే అసలు సంగతి.

డిపో మేనేజరుకి కావలసింది ఒక్కటే: ఇతను బస్సు నడపొచ్చా, లేదా? అవును, కాదు, లేదా ఫలానా తేదీ దాకా వద్దు. అంతే. మూడేళ్ళ క్రితం నిద్రమాత్రలు వాడాడా, భార్యకి గర్భస్రావం అయిందా అనేవి ఆ ప్రశ్నకి జవాబులు కావు.

తార్నాక నుంచి రెండడుగులేస్తే ఉస్మానియా క్యాంపస్. ఏ యూనివర్సిటీలోనైనా హాజరు తక్కువైన పిల్లలు కండొనేషన్ కోసం మెడికల్ సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగడం మామూలే. ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి డిప్రెషన్‌కి మందులు వాడిందనుకోండి. ఆ పేరు క్లర్కు టేబుల్ మీదకి రావాలా? "ఈ తేదీల్లో క్లాసులకి రాలేని స్థితిలో ఉంది" అని డాక్టరు సంతకం పెడితే చాలదా? ఆ పేరు బయటపడుతుందన్న భయం ఉంటే ఆ పిల్ల అసలు డాక్టరు దగ్గరికే వెళ్ళదు. ప్రైవసీ లేకపోతే మొదట దెబ్బ తినేది వైద్యమే.

ఆభా సంగతికొద్దాం. 2021 సెప్టెంబరులో దేశమంతా మొదలైన డిజిటల్ మిషన్‌లో భాగంగా ఇచ్చే 14 అంకెల నంబరది. డిజైన్ నాకు నచ్చింది, దాచుకోవడమెందుకు. రికార్డులన్నీ ఒకచోట కుప్పపోయరు, ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రిలోనే ఉంటాయి. ఏ రకం రికార్డు, ఏ తేదీల మధ్యది, దేనికోసం, ఎప్పటిదాకా అనేవి చూపించి రోగి అనుమతి తీసుకున్నాకే పంపాలి. కానీ అప్పుడు కూడా వెళ్ళేది రికార్డే. అవును, కాదు అని ఒక్క ముక్క జవాబు కాదు. పైగా ఆ అనుమతి తాలూకు ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది? మన ఇళ్ళల్లో అమ్మ ఆధార్‌కి కొడుకు నంబరు, కోడలి ఆధార్‌కి భర్త నంబరు ఉండటం కొత్తేమీ కాదు. సర్వర్ దృష్టిలో ఆమె ఒప్పుకున్నట్టే. ఆమెకి మాత్రం ఎవరో ఏదో అడిగారన్న సంగతే తెలీదు.

చట్టం కాపాడుతుందిలే అనుకుంటే, 2023 నాటి డేటా రక్షణ చట్టంలో ఆరోగ్య సమాచారానికి ప్రత్యేక స్థానం లేదు. మీ పిజ్జా ఆర్డరూ, మీ రక్తపరీక్షా ఒకే గాటన ఉన్నాయి. అదీకాక ఉద్యోగ అవసరాలకి, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికి అనుమతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చని 7వ సెక్షన్ అంటుంది. ఇది డ్రైవర్ల గొడవ, మనకెందుకులే అనుకోకండి. కంపెనీ ఖర్చుతో ఏడాదికోసారి మనం చేయించుకునే హెల్త్ చెకప్ రిపోర్టు ఎవరెవరి మెయిల్‌బాక్సులకి వెళ్తోందో ఎప్పుడైనా అడిగారా?

ఈ ఆస్పత్రి సాఫ్ట్‌వేర్లు రాసేది మనవాళ్ళే. రేపు మీ ముందుకు "పేషెంట్ హిస్టరీ మొత్తం లాగు" అనే రిక్వైర్‌మెంట్ వస్తే, కోడ్ మొదలుపెట్టే ముందు ఒక్క మాట అడగండి: "వాళ్ళకి ఏ ప్రశ్నకి జవాబు కావాలి?" తొంభై శాతం డేటా అక్కడే అక్కర్లేకుండా పోతుందని నా నమ్మకం. మీరేమంటారు?