ఓదార్పుకీ ఒక లెక్క ఉంది

కష్టకాలంలో ఆడవాళ్ళు వెతుక్కునే ఓదార్పుల గురించి మాట్లాడేటప్పుడు మనలో రెండు రకాల తొందరలు కనిపిస్తాయి. ఒకటి మురిసిపోవడం. "ఎన్ని కష్టాలొచ్చినా అల్లికలు చేసుకుంటూ, పుస్తకాలు చదువుకుంటూ, దేవుణ్ణి తలుచుకుంటూ నెట్టుకొచ్చింది, మహాతల్లి" అనడం. రెండోది కొట్టిపారెయ్యడం. ఆడవాళ్ళు నోరెత్తకుండా ఉండడానికి పితృస్వామ్యం చేతికిచ్చిన ఆటబొమ్మలే ఇవన్నీ అనడం. మా అమ్మ బతుకుని దగ్గరగా చూసిన నాకు ఈ రెండు మాటలూ సగం దారిలో ఆగిపోయినట్టే అనిపిస్తాయి. సూది, పుస్తకం, దేవుడు మూడూ ఆమెని ఆదుకున్నాయి. అయితే మూడూ ఒకే షరతు మీద ఆదుకోలేదు.

మాది పట్టిసీమ. మేం పట్టిసం అంటాం. 2015 నుంచీ ఆ పేరు చెప్తే బయటివాళ్ళకి గోదావరి నీళ్ళని కృష్ణకి మళ్ళించే ఎత్తిపోతల పథకం గుర్తొస్తోంది. మాకు మాత్రం ఏటి మధ్య కొండ మీది వీరభద్రస్వామి గుడి, రేవు, పడవలు, శివరాత్రి తీర్థం. రేవుకెళ్ళే దారిలో నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి చేరిందే, ఆ వరదలో మా కొట్టు మునిగింది. నానిపోయిన సరుకు పారబోసి, అప్పు తెచ్చి మళ్ళీ తెరిచాడు. రెండేళ్ళు తిరక్కుండా పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పడిపోయాయి. ఆరేళ్ళు మంచంలోనే ఉన్నాడు. అప్పటికి అమ్మకి ముప్పై ఆరేళ్ళు. నాకు పధ్నాలుగు, తమ్ముడికి తొమ్మిది. కొట్టు బంధువుల చేతికి వెళ్ళింది. దాని లెక్కలు మా గుమ్మం దాకా రాలేదు.

అమ్మ పుట్టిల్లు నరసాపురం పక్క పల్లె. అక్కడ ఆడపిల్లకి జడ వేసుకోవడం వచ్చే వయసుకే లేసు సూది పట్టుకోవడం కూడా వస్తుంది. కొస వంకర తిరిగిన ఆ సూది ఒక్కటీ, నూలు ఉండా ఉంటే చాలు. పెళ్ళయి వచ్చాక సరదాకి తలుపు తెరలకీ, దిండు గలేబులకీ అల్లేది. నాన్న మంచాన పడ్డాక మేనమామ ద్వారా పుట్టింటి వైపు ఏజెంటు దగ్గర్నించి నూలు కట్టలు తెప్పించుకుంది. మధ్యాహ్నం నాన్నకి అన్నం తినిపించి, ఒళ్ళు తుడిచి, పక్కకి తిప్పి పడుకోబెట్టాక కూర్చునేది. మళ్ళీ రాత్రి మేం పడుకున్నాక. అప్పుడు ఆమె ముఖంలో ఒక తేట కనిపించేది. మాట్లాడిస్తే "ఉండమ్మా, లెక్క తప్పుతాను" అనేది. ఇంట్లో ఎవరెప్పుడు పిలిచినా పలకాల్సిన మనిషికి, పలక్కుండా ఉండడానికి దొరికిన ఒకే ఒక్క సాకు ఆ కుట్ల లెక్క. మందులు పనిచేస్తాయో లేదో తెలియదు, అప్పు ఎప్పటికి తీరుతుందో తెలియదు. ఈ పువ్వుకి ఎన్ని రేకులో మాత్రం తెలుసు. తప్పితే విప్పి మళ్ళీ అల్లొచ్చు. అలా విప్పి సరిచేసుకునే వీలున్నది ఆ ఆరేళ్ళలో ఆమెకి అదొక్కటే.

ఇంతవరకూ చెప్పి ఆపితే ఇది అందమైన కథ. కానీ ఆ లేసుకి కూలి కూడా వచ్చేది. గంటల లెక్కన కాదు, నూలు లెక్కన. ఎన్ని రాత్రులు పట్టిందని అడిగేవాళ్ళు లేరు. నరసాపురం ప్రాంతానికి ఈ అల్లికని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తెచ్చారు. మొదట మతం మారిన పేద దళిత స్త్రీలు నేర్చుకున్నారు. తర్వాత ఘోషా పాటించే కాపు ఇళ్ళలోకి వచ్చింది. 1970ల చివర్లో జర్మన్ స్త్రీవాది మరియా మీస్ అక్కడి ఊళ్ళలో తిరిగి రాసిన పుస్తకం 1982లో లండన్‌లో అచ్చయింది. పొద్దున్నించి రాత్రి దాకా ఇంటి చాకిరీకి తోడు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్న స్త్రీలకి రోజుకి రూపాయి కూడా గిట్టడం లేదని ఆమె లెక్కగట్టింది. పరదేశాలకి ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్నా వాళ్ళని కార్మికులని ఎవరూ అనలేదు. "ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసుకునే పని" అన్నారు. పొలానికెళ్ళే కూలి స్త్రీలకి అంతకన్నా ఎక్కువ ముడుతున్నా, ఘోషా ఇళ్ళవాళ్ళు గడప దాటకపోవడాన్నే గౌరవంగా భావించారు. పువ్వులు ఒకరు, అతుకుపని ఒకరు చేసేలా పని ముక్కలైపోవడంతో, తమ చేతిలోది చివరికి ఏమవుతుందో కూడా చాలామందికి తెలియదు.

ఆ పుస్తకం గురించి నేను ఎం.ఏ. చదివేటప్పుడు తెలుసుకుని అమ్మకి చెప్పాను. అంతా విని, "రూపాయేనా అని నవ్వుకున్నారా వాళ్ళు? ఆ రూపాయి నా చేతిలో పడ్డ రోజున మందుల షాపువాడి దగ్గర తల ఎత్తాను" అంది. కాసేపాగి, "అయినా ఇంకా రావాలి. మా కళ్ళు పోయాయి" అంది. ఆ రెండు వాక్యాలూ కలిపి వినాలని నా ఉద్దేశం. పని ఓదార్పునిచ్చింది కాబట్టి కూలి తక్కువైనా ఫరవాలేదని మార్కెట్టు అంటుంది. దోపిడీ ఉంది కాబట్టి ఓదార్పు అబద్ధమని కొన్నిసార్లు మనం అంటాం. అమ్మ ఈ రెండిటికీ ఒప్పుకోలేదు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గుర్తింపు వచ్చింది లేసుకి. అల్లిన గంటలకి ఇంకా రావాల్సే ఉంది.

ఇక పుస్తకం. అమ్మ ఎనిమిదో తరగతితో బడి మానేసింది. వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి, వరసగా పెట్టి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచేది. అలా కుట్టిన నవలలు మా వీధిలో ఇల్లిల్లూ తిరిగేవి. ఆంధ్రప్రభలో మాలతీ చందూర్ "ప్రమదావనం", స్వాతిలో ఆవిడే పరిచయం చేసిన ఇంగ్లీషు నవలల కథలు ఆమెకి ప్రాణం. రైలెక్కి రాజమండ్రి దాటని మనిషి, పరాయి దేశపు ఆడవాళ్ళ కష్టాలు పక్కింటివాళ్ళవైనట్టు చెప్పేది. నాన్న మంచం పక్కన కూర్చుని పైకి చదివేది కూడా. ఆయన మాట పడిపోయిందిగాని వినడం పోలేదు. కథలో మొగుడు పెళ్ళాన్ని కొట్టే చోటు వస్తే అమ్మ కాస్త గట్టిగా చదివేదని నాకు గుర్తు. ఒంట్లో బాగున్న రోజుల్లో నాన్న చెయ్యి కూడా లేచేది. మంచంలో ఉన్న మనిషిని ఆమె ఆ మాట అనలేదు. అచ్చులో ఉన్నది చదివింది, అంతే.

దేవుడి సంగతి మిగతా రెండిటికంటే చిక్కైంది. నాన్న లేచి తిరగాలని అమ్మ పట్టని నోము లేదు. కార్తీక సోమవారాలు నక్షత్రం చూసేదాకా పచ్చి గంగైనా ముట్టేది కాదు. శ్రావణ శుక్రవారాల పేరంటాలు, వాయనాలు సరేసరి. ఆ పూజలు ఆమెకి బలాన్నిచ్చాయి. ఒక్కపూట తిండికే వెతుకులాట అయిన రోజుల్లో కూడా పదిమంది ఆడవాళ్ళు ఇంటికొచ్చి పసుపు రాస్తే తాను ఒంటరిది కాదనిపించేది. 1994లో నాన్న పోయాడు. తర్వాతి శ్రావణానికి ఒక్క ఇంటినుంచీ పిలుపు రాలేదు. ఆరేళ్ళు ఎవరితో కలిసి మొక్కుకుందో వాళ్ళే ఎదురుపడితే పక్కకి తప్పుకున్నారు. ఆమెకి మనుషుల అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఏడాదిలో ఆ తలుపు మూసుకుంది. మొగుడి ఆయుష్షు కోసం పెట్టిన నోముల్లో మొగుడు పోయిన మనిషికి చోటెక్కడుంటుంది?

లేసు సూది మాత్రం ముత్తయిదువవేనా అని అడగలేదు. కుట్టి దాచిన నవలలూ అడగలేదు.

ఈ మాట రాస్తుంటే మా ఊరికి దిగువన, అదే గోదావరి ఒడ్డున ఉన్న రాజమండ్రి గుర్తొస్తుంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం అక్కడే తొలి వితంతు వివాహం జరిపించాడు. నూట పదమూడేళ్ళ తర్వాత కూడా మా వీధిలో బొట్టు ఒక సరిహద్దుగానే ఉంది. మళ్ళీ పెళ్ళి చేసుకునే హక్కు కోసం జరిగిన పోరాటం గొప్పదే. పెళ్ళి ప్రసక్తి లేకుండా పేరంటంలో కూర్చునే హక్కు గురించి ఎవరు మాట్లాడాలి? అదే రాజమండ్రిలో 1933లో పుట్టిన అబ్బూరి ఛాయాదేవి కథలు రాసింది, చేత్తో బొమ్మలు చేసింది, జిడ్డు కృష్ణమూర్తి తాత్వికతలో తన వెతుకులాట సాగించింది. "తన మార్గం" కథల సంపుటికి 2005లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకుంది. చేతిపని, చదువు, అన్వేషణ ఒక స్త్రీ ఎంచుకున్నవైతే ఎలా ఉంటాయో ఆమెలో చూశాం. మా అమ్మకి ఎంచుకునే వీలు తక్కువ. ఉన్నంతలో ఎంచుకుంది.

నోములు మానేసిందిగాని దేవుణ్ణి మానలేదు. నాన్న పోయిన మరుసటి శివరాత్రికి, ఎవరూ తీసుకెళ్ళకుండానే రేవుకి నడిచి, పడవెక్కి, కొండమీద వీరభద్రుణ్ణి చూసి వచ్చింది. "ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగాను. "పడవవాడు డబ్బులడిగాడు, ఇచ్చాను. ఇంకేం అడగలేదు" అంది. ఆ డబ్బులు లేసు డబ్బులే. ఏటేటా అలాగే వెళ్ళింది. వాయనం అక్కర్లేని, పిలుపు అక్కర్లేని భక్తి అది. పేరంటం గురించి మళ్ళీ మాట్లాడలేదుగాని, మా తమ్ముడి పెళ్ళిలో కోడలికి తన చేత్తోనే బొట్టు పెట్టింది. పెద్దవాళ్ళు గుసగుసలాడారు. అమ్మ చెయ్యి వణకలేదు.

కష్టంలో ఉన్న స్త్రీ దేన్ని పట్టుకుని నిలబడిందో రాసుకోవడం మనకి అలవాటే. అది ఆమెని ఏం అడిగి చోటిచ్చింది, ఆమె దగ్గర ఎన్ని గంటలు తీసుకుంది, ఎంత ఇచ్చింది, ఏ రోజున పొమ్మంది అనేవి కూడా రాసుకోవాలి. నాకు తెలిసిన ఒక్క బతుకులోంచి ఆ లెక్క ఇది. ప్రతి ఇంట్లోనూ ఒక లెక్క ఉండే ఉంటుంది.