ఫోను ఎవరి కరెంటు తింటోంది?

2024 ఎండాకాలంలో మా ఊళ్ళో రాగి తీగల లైన్లు తీసేసి ఇంటింటికీ ఫైబర్ ఇవ్వడం మొదలెట్టారు. నంబరు అదే వుంటుంది, ఇంటర్నెట్టు కూడా వస్తుంది, గోడకి ఓ తెల్ల డబ్బా బిగిస్తారు, పాత ఫోను తీగ తెచ్చి దాని వెనకాల గుచ్చితే చాలు. ఇదంతా నేను హైదరాబాదు నుంచి తెగ ఉత్సాహంగా వివరిస్తే, మా నాన్నగారు సాంతం విని ఒకే ఒక్క ముక్క అడిగారు. "కరెంటు పోతే మోగుద్దా?"

ఆయన దివిసీమలో రైతు. అవనిగడ్డ దాటి నాగాయలంక వెళ్ళే దారిలో మా ఊరు. నేనేమో పద్దెనిమిదేళ్ళుగా ఫోను మాటల్ని ప్యాకెట్లుగా కోసి పంపించే సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ణి. ఇన్నేళ్ళలో నేను కూర్చున్న మీటింగుల్లో ఈ ప్రశ్న అడిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఎందుకంటే మనకి ఇంటర్నెట్ ఫోను అంటే మొదట్నుంచీ డబ్బుల గొడవే. 1998లో నేను అమీర్‌పేటలో కోర్సు చేసేటప్పుడు రాత్రి పదకొండు దాటితే ఎస్టీడీ పావు రేటు. బూత్ ముందు క్యూ, లోపల ఎర్ర అంకెల మీటరు. మాకింకా ఫోను లేదు, పక్కింటివాళ్ళది పీపీ నంబరు. అర్ధరాత్రి వాళ్ళని లేపి, వాళ్ళు మా అమ్మని లేపి, అమ్మ పరిగెత్తుకొచ్చేసరికి మీటరు మీద సగం డబ్బులు అయిపోయేవి. ఇలాంటి రోజులు చూసినవాళ్ళకి ఫ్రీగా మాట్లాడొచ్చు అంటే ఇంకేం కనపడుతుంది చెప్పండి?

మన దేశంలో ఇంటర్నెట్ మీద ఫోను మాట్లాడ్డం చట్టబద్ధమయింది 2002 ఏప్రిల్ 1న. అదీ సగమే. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కో, లేకపోతే విదేశంలో ఫోనుకో మాట్లాడుకోవచ్చు గానీ ఇక్కడి ల్యాండ్‌లైనుకి కలపకూడదు. మనవాళ్ళు ఆగుతారా? మా అక్కని గుడివాడ ఇచ్చాం. 2006 ప్రాంతంలో మా బావగారి తమ్ముడు న్యూజెర్సీ నుంచి వస్తూ వోనేజ్ అడాప్టర్ ఒకటి సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. బీఎస్ఎన్ఎల్ 2005లో మొదలెట్టిన డేటావన్ బ్రాడ్‌బాండ్ అప్పటికి వాళ్ళింటికి వచ్చింది, 256 కిలోబిట్ల స్పీడు. మాటని కుదించకుండా పంపితే ఒక్కో వైపు 64 కిలోబిట్లు, ప్యాకెట్ల హెడర్లన్నీ కలుపుకుని 87 దాకా అవుతుంది కాబట్టి, ఎవరూ సినిమా డౌన్‌లోడ్ పెట్టకపోతే బ్రహ్మాండంగా సరిపోయేది. అలా గుడివాడలో ఓ ఇంటి హాల్లో న్యూజెర్సీ నంబరు వెలిసింది! ఆయన అక్కణ్ణుంచి లోకల్ కాల్ చేసినట్టు వాళ్ళమ్మగారితో గంటలు గంటలు మాట్లాడేవాడు. ఇది సక్రమమేనా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఇబ్బందల్లా ఒకటే, అమెరికాలో మధ్యాహ్నం రెండింటికి క్రెడిట్ కార్డు అమ్మేవాడు ఆ నంబరు నొక్కితే ఇక్కడ అర్ధరాత్రి మా అక్క అత్తగారు లేచి, నాలుగు తెలుగు మాటలు అప్పజెప్పేది.

ఆ కథలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ బ్రాడ్‌బాండ్ వచ్చింది ల్యాండ్‌లైన్ రాగి తీగ మీదే. అంటే ల్యాండ్‌లైనుని తప్పించుకోడానికి తెచ్చిన డబ్బా ల్యాండ్‌లైను భుజం మీదే కూర్చుందన్నమాట. పైగా కరెంటు పోతే న్యూజెర్సీ నంబరు చచ్చేది, పక్కనే వున్న గుడివాడ నంబరు మోగేది.

అదెందుకో మనలో చాలామందికి తెలియదు, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళకి కూడా. పాత ఫోనుకి కావలసిన కరెంటు ఇంట్లోది కాదు, ఎక్స్ఛేంజిది. అక్కడ గదిలో వరసగా బ్యాటరీలుంటాయి, 48 వోల్టుల డీసీ. మీరు ఫోను ఎత్తితే ఆ బ్యాటరీ నుంచి మీ ఇంటిదాకా రెండు తీగల్లో ఇంత కరెంటు ప్రవహిస్తుంది, ఒక వాటు అటూ ఇటూ. మోగేటప్పుడు మాత్రం 75 వోల్టుల ఏసీ పంపిస్తారు (చిన్నప్పుడు తీగ పట్టుకుని వుండగా ఫోనొస్తే ఎలా వుంటుందో నాకు అనుభవమే). కరెంటాఫీసు వాడికీ ఆ ఫోనుకీ ఏ సంబంధమూ లేదు. ఊరంతా చీకటైనా ఎక్స్ఛేంజిలో బ్యాటరీ, దాని వెనక డీజిల్ జనరేటరు వున్నంతసేపూ ఫోను బతికే వుంటుంది.

ఇది మా వైపు వాళ్ళకి చదువుకుని తెలుసుకోవలసిన విషయం కాదు. 2013 నవంబర్ 22 మధ్యాహ్నం హెలెన్ తుఫాను బందరుకి కాస్త దక్షిణంగా తీరం దాటింది. మా ఊళ్ళో కరెంటు అంతకు ముందు రాత్రే పోయింది. సాయంత్రానికి సెల్‌ఫోన్లలో ఒక్కొక్కటే సిగ్నలు పోయింది. మా ల్యాండ్‌లైను మర్నాడు కూడా పనిచేసింది. మా వరండాలో జనం. కోతకొచ్చిన చేలు నేలకి అంటుకుపోయిన రోజు అది, అయినా ఫోనులో అందరూ ముందు చెప్పింది "మేం బానే వున్నాం" అనే. ఒకళ్ళు హైదరాబాదుకి, ఒకళ్ళు బెంగుళూరుకి, ఒకాయన దుబాయిలో వున్న కొడుక్కి. మా బందరు మావయ్యకి నాన్నగారు, నాన్నగారికి మావయ్య గంటకోసారి. నేను మాదాపూర్‌లో ఏసీ ఆఫీసులో కూర్చుని ఇంటి నంబరు నొక్కితే ఎంగేజ్ వస్తోంది. ఆ ఎంగేజ్ టోన్ విని నేనెంత నిశ్చింతగా వున్నానో మాటల్లో చెప్పలేను. ఎంగేజ్ అంటే ఇంట్లో ఎవరో ఫోను పట్టుకుని మాట్లాడుతున్నారని అర్థం కదా!

దివిసీమలో ఫోను అనే మాటకి ఈ అర్థం ఎందుకొచ్చిందో తెలియాలంటే 1977 నవంబర్ 19 దాకా వెళ్ళాలి. ఆ ఉప్పెనలో పోయినవాళ్ళు పదివేల పైమాటే. రోడ్లు, తంతి, టెలిఫోను అన్నీ ఒక్క రాత్రిలో తెగిపోయి, ఎంత ఘోరం జరిగిందో బయటవాళ్ళకి పూర్తిగా తెలియడానికే రోజులు పట్టింది. అప్పటికి నాన్నగారికి ఇరవై నాలుగేళ్ళు. ఆయన ఆ రోజుల గురించి ఎక్కువ మాట్లాడరు. 1999లో మా ఇంటికి ఫోను పెట్టించుకున్నప్పుడు మాత్రం, చెమ్మెక్కని చోట పెట్టాలని దాన్ని అటక కింద, మనిషి ఛాతీ ఎత్తులో బిగించమని లైన్‌మాన్‌తో పోట్లాడారు. నీళ్ళొస్తే మునగకూడదుగా, అదీ లెక్క.

ఇంతా చెప్పి రాగి తీగకి గుడి కట్టమంటున్నానని అనుకోకండి. డెల్టా నేలలో భూమిలోపలి కేబుల్ అంటే ఏడాదిలో ఆరు నెలలు నీళ్ళలో నానేదే. శ్రావణమాసం వచ్చిందంటే గరగర, మధ్యలో వేరేవాళ్ళ మాటలు. జాయింటు తడిస్తే వీధి వీధంతా డెడ్. రోడ్డు వెయ్యడానికి ప్రొక్లెయిన్ వస్తే వారం రోజులు డెడ్. చివరి పదేళ్ళూ లైన్‌మాన్‌లు ఒక్కొక్కరే రిటైరయిపోయారు. ఫైబర్‌కి తడి అంటదు, ఉరుములకి కాలదు, మాట అద్దంలా వినపడుతుంది. అసలు 2016లో జియో వచ్చాక మనం సెల్లులో మాట్లాడేది కూడా ప్యాకెట్లే. 2018లో ప్రభుత్వం నిబంధనలు సడలించాక బీఎస్ఎన్ఎల్ వింగ్స్ అని పది అంకెల నంబరుతో యాప్ కూడా తెచ్చింది. 2003లో మొదలై మనందరి కళ్ళూ తెరిపించిన స్కైప్‌ని 2025 మేలో మూసేశారు కూడా. కాబట్టి ఇంటర్నెట్ ఫోనా, మామూలు ఫోనా అనే వాదన ఎప్పుడో అయిపోయింది. ఇంటర్నెట్టే గెలిచింది.

మిగిలింది నాన్నగారి ప్రశ్న. గోడ మీద డబ్బా ఇంటి కరెంటు తింటుంది, ఎనిమిది వాట్లు. ఆ డబ్బా ఆరిపోతే వెనకున్న ఫోను బొమ్మే. అమెరికాలో రాగి నుంచి ఫైబర్‌కి మారేటప్పుడు ఇదే తగాదా వస్తే, అక్కడి ఎఫ్‌సీసీ 2015లో ఒక నియమం పెట్టింది. ఇంటి ఫోను ఇచ్చే కంపెనీ, కరెంటు పోయినా 8 గంటలు నడిచే బ్యాటరీని అడిగినవాడికి అమ్మాలి, మూడేళ్ళలో 24 గంటలు నడిచేదీ అమ్మాలి అని. ఉచితంగా కాదు, కొనుక్కోవలసిందే అప్పుడు కూడా. కానీ ఆ నియమం అమల్లో వున్నన్నాళ్ళూ కొనేవాడికి ముందు సంగతి చెప్పి తీరవలసి వచ్చేది. మా ఇంటికి డబ్బా బిగించడానికొచ్చిన కుర్రాడు వైఫై పాస్‌వర్డ్ రెండుసార్లు చెప్పి వెళ్ళాడు గానీ కరెంటు ఊసెత్తలేదు. వాడి తప్పు కూడా కాదు, వాడికి నేర్పినవాళ్ళకే ఆ ఆలోచన వుండదు.

నేను పన్నెండు వోల్టుల చిన్న యూపీయస్ ఒకటి కొని పంపించాను. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు దానికి పరీక్ష వచ్చింది. నేను హైదరాబాదులో కూర్చుని ఇంటి డబ్బాకి నిమిషానికోసారి పింగ్ పెట్టుకున్నాను. కరెంటు పోయాక అది మూడు గంటల నలభై నిమిషాలు బదులిచ్చింది, తర్వాత ఆగిపోయింది. లెక్క ప్రకారం అంతే రావాలి, అంతే వచ్చింది. ఆ పైన తెల్లారేదాకా నా దగ్గరున్నది టైమౌట్ అన్న మాటే. ఉదయం ఎనిమిదింటికి అమ్మ సెల్లు నుంచి ఒక ఎస్ఎంఎస్ వచ్చింది, "బాగున్నాం". అది రాత్రి పదకొండింటికి పంపిందట!

ఇంకా వుంది. మర్నాడు పక్కింటాయన ఇన్వర్టర్ మీద తన డబ్బా వెలిగిస్తే కరెంటు బానే వుంది గానీ ఎర్ర లైటు. అంటే ఫైబరే తెగింది. మా వైపు ఫైబర్ చాలా మటుకు కరెంటు స్తంభాల మీదుగానే పోతుంది. 2017 డిసెంబర్లో నెలకి 149 రూపాయలకే నెట్టూ టీవీ ఫోనూ అంటూ మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ అంత చవగ్గా, అంత వేగంగా పల్లెలకి రావడానికి కారణం కూడా అదే, గొయ్యి తవ్వకుండా వున్న స్తంభాలకే తీగ కట్టడం. తెలివైన ఉపాయమే, కాదనను. కానీ మన భాషలో చెప్పాలంటే రెండు వేరువేరు సిస్టమ్‌లకి ఒకే ఫెయిల్యూర్ పాయింటు తెచ్చి పెట్టాం. స్తంభం పడిందంటే కరెంటూ పోతుంది, కరెంటు పోయిందని చెప్పే ఫోనూ పోతుంది. సెల్ టవర్ మాత్రం ఎన్నాళ్ళు? బ్యాటరీ అయ్యాక డీజిలు కావాలి, డీజిలు రావాలంటే రోడ్డు మీద చెట్టు తీయాలి.

సర్వర్లకి రెండు డేటాసెంటర్లు, రెండు పవర్ ఫీడ్లు లేకపోతే మనం సైన్ చెయ్యం. అమ్మానాన్నల ఇంటికి మాత్రం ఏ ప్లాను చవకో చూసి వదిలేస్తాం. మీ వాళ్ళు కోడూరు, నాగాయలంక, బందరు వైపు వుంటే ఒక్కసారి లెక్కేసి చూడండి. మొంథా తర్వాత నేను చేసింది చెప్తాను. చిన్న యూపీయస్ బదులు 18 ఆంపియర్ అవర్ బ్యాటరీ పెట్టించాను, డబ్బాని దాదాపు 20 గంటలు నడుపుతోంది. కార్డ్‌లెస్ ఫోను తీసేయించాను, దాని బేస్‌కి మళ్ళీ వేరే కరెంటు కావాలి. తీగ వున్న పాత ఫోనే వుంచాం. అమ్మ సెల్లులో ఒక కంపెనీ సిమ్ము, నాన్నగారి సెల్లులో ఇంకో కంపెనీది, వాళ్ళ టవర్లు కూడా వేరువేరని కనుక్కుని మరీ. గాలివాన కబురు వస్తే రాత్రి తొమ్మిదింటికీ తెల్లారి ఆరింటికీ రెండు సెల్లుల నుంచీ ఎస్ఎంఎస్ పెట్టాలని ఒప్పందం. స్తంభం సంగతి నా చేతిలో లేదు.

నంబరు మాత్రం మారనివ్వలేదు. 08671, ఆ తర్వాత రెండుతో మొదలయ్యే ఆరంకెలు. మా బందరు మావయ్యకి డెబ్బై ఎనిమిదేళ్ళు, సెల్లులో పేరు వెతకడం రాదు, ఆ నంబరు ఒక్కటే చూడకుండా నొక్కుతాడు.