బీట రాకముందే

తార్నాకలో మా ఇంటి పక్క స్థలంలో అపార్ట్‌మెంటుకు సెల్లార్ తవ్వుతున్న రోజుల్లో మా గోడకు కిటికీ మూల నుంచి కిందికి ఏటవాలుగా బీట వచ్చింది. అమ్మ వీడియో కాల్‌లో చూపించి, "ఏటా ఇన్సూరెన్సు కడుతున్నావు కదరా, వాళ్ళకు చెప్పు" అంది. దూరదేశాల్లో ఉండి అమ్మానాన్నల ఇంటికి పాలసీ కొనే పిల్లలు ఈ మాటకు జవాబు ముందే తెలుసుకోవాలి.

నేనుండే డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. వేసవిలో పునాది చుట్టూ నీళ్ళ గొట్టాలు పరుస్తారు. ఇల్లు మెల్లగా కుంగి గోడలు పగిలితే ఇక్కడి మామూలు పాలసీ డబ్బివ్వదు. భూకంపానికైతే విడిగా కొనుక్కోవాలి.

మన దగ్గర కొంత నయం. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో భూకంపమూ, నేల కుంగడమూ రెండూ ఉన్నాయి. 2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన 5.3 తీవ్రత భూకంపం హైదరాబాదులోనూ తెలిసింది. ఆ కుదుపుకే గోడ పగిలి ఉంటే క్లెయిము అడగొచ్చు. కానీ నేల కుంగడం కింద మినహాయింపులున్నాయి: కొత్త ఇల్లు సర్దుకునేటప్పుడు వచ్చే పగుళ్ళు, మట్టి నింపిన స్థలం, నాసిరకం పని, కూల్చివేతలు, తవ్వకాలు. ఆ చివరి మాటతో మాకు దారి మూసుకుపోయింది.

ఉస్మానియా క్యాంపస్‌లో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారొకరు మా నాన్న స్నేహితుడు. ఆయన వచ్చి బీటకు అడ్డంగా గాజుముక్కను సిమెంటుతో అతికించారు. గాజు విరిగితే బీట ఇంకా కదులుతోందన్నమాట. "ప్లాస్టరింగ్ పైపై గీతలకు భయపడక్కర్లేదు బాబూ. ఇలా ఏటవాలుగా గోడ లోపలిదాకా పోయిందంటే ఒక పక్క కుంగుతున్నట్టే. వాళ్ళు మీ పునాది కంటే లోతుకు దిగారు" అన్నారు. ఆర్ట్స్ కాలేజీ 1939 నుంచి నిలబడింది కదా అని ఎవరో అంటే, గ్రానైటు కట్టడానికీ మధ్యతరగతి ఇటుక గోడకూ పోలికేమిటని ఆయన కోప్పడ్డారు. నాకూ అదే అనిపించింది.

బిల్డర్ "అది పాత బీటే" అన్నాడు. అంతకుముందు సంక్రాంతికి రంగులేయించినప్పుడు నాన్న తీసిన ఫొటోల్లో ఆ గోడ నున్నగా ఉంది. అవి చూపించాకే మట్టి జారకుండా దన్ను కట్టించి, గోడ బాగుచేయిస్తానని ఒప్పుకున్నాడు.

కాబట్టి పక్కన తవ్వకం మొదలు కాకముందే ఇంజనీరును పిలిచి, ప్రతి గోడనూ తేదీతో ఫొటో తీయించండి. ఆ ఫొటోలు జతచేసి బిల్డర్‌కూ, జీహెచ్‌ఎంసీకీ రాతపూర్వకంగా తెలియజేయండి. సెల్లార్ అనుమతుల షరతుల్లో కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ ఉంటుంది. పొరుగువాళ్ళకు జరిగే నష్టానికి అందులో చోటున్నా, కంపనాలవల్లా, పక్క నేలకు ఆసరా పోవడంవల్లా వచ్చే నష్టాన్ని ప్రత్యేకంగా చేర్పించుకుంటే తప్ప చెల్లించరు. బిల్డర్ అది చేర్పించాడో లేదో కాగితం చూపించమని అడగండి.