మంట ఒకటే... మాటా ఒకటే కావాలి!

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. మంటలార్పే చోట మంది ఎక్కువైతే పలచనయ్యేది మజ్జిగ కాదు, మాట! పెద్ద అగ్నిప్రమాదం జరిగితే ఎన్ని ఫైరింజన్లు వస్తే అంత మంచిదని అందరం అనుకుంటాం. వార్తల్లోనూ మొదట కనిపించేది ఆ లెక్కే. 'పది ఫైరింజన్లు మంటలార్పుతున్నాయి' అని. మరి ఆ పదింటికీ ఎటు వెళ్లాలో చెబుతున్నదెవరు?

మా బాబాయ్ విశాఖలో ఓ కర్మాగారం సొంత అగ్నిమాపక దళంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఈ ప్రశ్న ఆయన్ని అడిగితే నవ్వేశారు. "మంట ఎటు పోతుందో గాలి చెబుతుందమ్మా. మనం ఎటు పోవాలో మాత్రం ఒక్క నోరే చెప్పాలి" అన్నారు. ఆ ఊరివాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. రిఫైనరీ, పోర్టు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం... ఎవరి ఏర్పాట్లు వారివి. ప్రభుత్వ అగ్నిమాపక శాఖ సరేసరి. 1997 సెప్టెంబరు 14న హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో వంటగ్యాస్ లీకై ట్యాంకులు పేలాయి. యాభై మందికి పైగా చనిపోయారు. అలాంటి రోజున ఇన్ని రంగుల యూనిఫాంలు ఒకచోట చేరితే ఎవరి మాట ఎవరు వినాలి?

ఈ చిక్కుముడిని విప్పడం మొదలైంది అమెరికాలోని కాలిఫోర్నియాలో. 1970లో అక్కడ 13 రోజులపాటు కార్చిచ్చులు రేగాయి. 16 మంది చనిపోయారు. 700కు పైగా కట్టడాలు, 5 లక్షల ఎకరాలకు పైగా నేల బుగ్గయ్యాయి. సాయానికి ఎన్నో ఊళ్ల దళాలు పరుగెత్తుకొచ్చాయి. కానీ ఒకరి రేడియో మరొకరికి వినిపించదు. ఒకరి సంకేతాలు మరొకరికి తెలియవు. ఆఖరికి మాటలకు అర్థాలూ వేరే! 'ట్యాంకర్' అంటే కొందరికి నీళ్ల లారీ, ఇంకొందరికి ఆకాశం నుంచి నీళ్లు కుమ్మరించే విమానం. లారీ కావాలని అడిగితే ఏం వస్తుందో ఊహించుకోండి!

ఆ చేదు అనుభవంలోంచి పుట్టిందే 'ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్'. అందులోని నియమాలు చాలా మామూలుగా ఉంటాయి. సంకేతాలొద్దు, మామూలు మాటల్లోనే చెప్పాలి. ఒక్కో అధికారి కింద ముగ్గురి నుంచి ఏడుగురే ఉండాలి. ఐదుగురైతే మరీ మేలు. మొదట చేరుకున్న అధికారే నాయకుడు. తగిన అర్హత ఉన్నవారు వచ్చి, పరిస్థితి తెలుసుకుని బాధ్యత తీసుకునేదాకా ఆయన మాటే చెల్లుతుంది. పెద్ద హోదా ఉన్నాయన కారు దిగినంత మాత్రాన పగ్గాలు చేతులు మారవు. నాలుగైదు శాఖలకూ బాధ్యత ఉన్నప్పుడు వాటి అధికారులు ఒకేచోట కూర్చుని ఒకే ప్రణాళిక వేయాలి. కిందివాళ్లకు చేరేది మాత్రం ఒకే ఆదేశం.

ఇది కొరవడితే ఏమవుతుందో 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ చూసింది. జంట భవనాల్లో ఒకటి కూలిపోయింది. రెండోదీ నిలవదని పైన తిరుగుతున్న పోలీసు హెలికాప్టర్ హెచ్చరించింది. ఆ హెచ్చరిక పోలీసు రేడియోలో వినిపించింది. లోపల మెట్లెక్కుతున్న అగ్నిమాపక సిబ్బంది రేడియో వేరు! ఆ రోజు 343 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఒక్క రేడియోతో అందరూ బతికేవారని కాదు. కానీ బయటికి పరుగెత్తండనే మాట వినే హక్కు వాళ్లకుంది కదా!

మన దేశంలోనూ జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇదే తరహా మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లాలో ఆ బాధ్యత కలెక్టరుది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. అయితే కలిసి సాధన చేయనివాళ్లు ఆపదలో కలిసి నడవలేరన్నది బాబాయ్ మాట. మాక్ డ్రిల్ అనగానే ఫొటోలు దిగి వెళ్లిపోయేవాళ్లంటే ఆయనకి ఒళ్లు మంట.

మరి మనమేం చేయగలం? ఫైరింజన్ రాగానే పదిమంది చుట్టుముట్టి పది మాటలు చెప్పకుండా ఉండగలం. దిగిన అధికారి మొదట అడిగేది లోపల ఎవరున్నారనే. జవాబు చెప్పే మనిషిని ముందే అనుకున్న అపార్ట్‌మెంట్లు ఎన్ని? మూడో అంతస్తులో మంచం దిగలేని బామ్మగారున్నారని, మేడ మీది తలుపు తాళంచెవి ఫలానా వారి దగ్గరుందని, గ్యాస్ ఎక్కడ కట్టేయాలో చెప్పడానికి... ఒక్కరు చాలు.

ఈ ఆదివారం మీ అపార్ట్‌మెంట్‌లో ఆ ఒక్కరెవరో తేల్చుకోండి!